నాచారంలో రెండు నూనెల బేరం

మా అంబాజీపేటవాళ్ళు హైదరాబాదు వెళ్తే చార్మినారు ముందు ఫొటో దిగి, గోల్కొండ ఎక్కి దిగి, మోకాళ్ళకి మందు రాసుకుంటూ ఇల్లు చేరతారు. నేను చూసొచ్చినవి ఉప్పల్, నాచారం, నారపల్లి. మూడు రోజులు. ఈ మూడూ తీరిగ్గా చూసినదాన్ని మా వీధిలో నేనొక్కదాన్నే కాబట్టి, ఏం చెప్పినా కాదనే మనిషి లేడు. యాత్ర రాసేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

మాది కొట్ల కుటుంబం. నాన్నది కిరాణా, బాబాయిది ఇత్తడి సామాను, మేనమామది బట్టల కొట్టు. మా ఇంట్లో పిల్లలకి ఎక్కాలకన్నా ముందు "చివరి మాట చెప్పండి" అనడం నేర్పారు. నా పెళ్ళిలో పురోహితుడు దక్షిణ తగ్గించనంటే, మా నాన్న మంత్రాలు తగ్గించమని అడిగాడట. ఆ రక్తం నాది. యాభై రెండేళ్ళు వచ్చాయి, చెప్పిన ధరకి ఉప్పు పొట్లం కూడా కొనలేదు.

వెళ్ళిన పని చిన్నదే. ఎండుకొబ్బరి అమ్మి అమ్మి విసిగి, నూనె ఆడించి అమ్మితే బావుంటుందనిపించింది. నాచారంలో మల్లేశం అనే ఆయన షెడ్డులో యంత్రం చేయించుకుంటే చవగ్గా వస్తుందని ఎవరో చెప్పారు. చవక అన్న మాట వింటే నేను మంచంలోంచి కూడా లేస్తాను.

ఉప్పల్: ఎక్కినవైపే దిగుట

తెల్లారి ఆరింటికి బస్సు ఉప్పల్ రింగురోడ్డులో దించింది. అక్కడ రోడ్డు దాటడానికి గాలిలో ఒక గుండ్రటి వంతెన కట్టారు. మెట్లెక్కాను, సంచీ భుజాన వేసుకుని చుట్టూ నడిచాను, గాలి బావుంది, మెట్రో బావుంది, మెట్లు దిగాను. దిగి చూస్తే ఎదురుగా నన్ను దించిన బస్సే ఉంది. మళ్ళీ ఎక్కాను, మళ్ళీ తిరిగాను, మళ్ళీ అక్కడే. మెట్ల దగ్గర పూలు గుచ్చుకుంటున్న ఆవిడ తలెత్తింది.

"అక్కా, గిది గుడి గాదు ప్రదక్షిణ జెయ్యనీకి. గా నాలుగో మెట్ల కాడ దిగు."

అటువైపు ఆటో అతను నాచారానికి నూట యాభై అన్నాడు. నేను ఎనభై అన్నాను. అతను నవ్వాడు, నేను నడిచాను, అతను పిలిచాడు, వంద దగ్గర తెగింది. యాభై మిగిలిందని పొంగిపోయి కూర్చున్నాను. హబ్సిగూడ దగ్గర ఒక అమ్మాయిని ఎక్కించుకున్నాడు. నాచారంలో నాతోపాటే దిగి ఆ అమ్మాయి ఇరవై ఇచ్చింది.

"తనకి ఇరవై, నాకు వందా?"

"గామె బేరం జెయ్యలే గదా అమ్మా" అన్నాడు.

నాచారం: ఎవరి నూనె ఎవరిది

నాచారం పారిశ్రామికవాడలో ఒక్కో సందుది ఒక్కో వాసన. ఒకచోట మందుల వాసన, మలుపు తిరిగితే బిస్కట్లు, ఇంకో మలుపులో కాలిన ఇనుము. మా ఊళ్ళో కొట్టు అంటే ముందు గుమ్మం, గుమ్మంలో మనిషి, "రండి రండి" అనే పిలుపు. ఇక్కడ ఎవరూ పిలవరు. గ్రైండర్ మోతలో నీ అంతట నువ్వు లోపలికి వెళ్ళి అరవాలి.

షెడ్డు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో డెబ్భై ఏళ్ళ పెద్దాయన కూర్చున్నాడు. పేరు యాదయ్య. కాపలా ఉద్యోగమా అని అడిగాను.

"గాదు బిడ్డా. గీ షెడ్డు కింద మా మక్కచేను ఉండె. ఫ్యాక్టరీలకని తీస్కున్నరు. కొలువులిస్తమన్నరు. ఇచ్చిన్రు, గేటు కాడ. ముప్ఫై ఏండ్లు మా చేన్ల కొచ్చే లారీలకు మేమే గేటు తీసినం. ఇప్పుడు జీతం లేదుగని, అలవాటయ్యింది, ఊకె కూసుంట."

లోపల మల్లేశం. నలభై అయిదేళ్ళుంటాయి, చెవిలో సుద్దముక్క, కళ్ళద్దాలు నుదుటి మీద. ఆలేరు నుంచి కుర్రతనంలో వచ్చి, ఎవరి షెడ్డులోనో ఊడ్చి, వెల్డింగు నేర్చుకుని, చివరికి సొంతం పెట్టుకున్నాడట. నన్ను చూడగానే "రాండ్రి అక్కా, మీ ఆయిల్ రిఫైనరీ డ్రాయింగ్ రెడీ ఉన్నది" అని బల్ల మీద దుప్పటంత కాగితం పరిచాడు. అందులో మా ఊరి నీళ్ళ ట్యాంకు అంత గొట్టాలు.

"రోజుకు వంద పీపాలు తీస్తది."

మా మండలం మొత్తం పొద్దునా సాయంత్రం తలకి రాసుకున్నా రోజుకి ఒక పీపా ఖర్చవదు.

"ఎంతవుతుందండి?"

"మీకు గాబట్టి, రెండు కోట్ల డెబ్బై లచ్చలు."

కొట్టు ఇంటి పిల్లలు మొదటి ధర విన్నప్పుడు మొహంలో ఏమీ కనపడనివ్వకూడదు. గుండె ఆగిపోయినా సరే, మొహం మారకూడదు. "చివరి మాట చెప్పండి" అన్నాను.

అప్పుడే షెడ్డు వెనకనుంచి ఒక ఆవిడ గబగబా వచ్చింది. ఆరడుగుల మనిషి, నల్లగా నిగనిగలాడుతోంది, తలకి పసుపురంగు గుడ్డ గోపురంలా చుట్టుకుంది. నాకంటే అయిదారేళ్ళు పెద్దదేమో. ఇంగ్లీషులో అంది, "మిస్టర్ మల్లేశం, మూడున్నర లక్షలకైతే నాకు రెండు కావాలి! డీజిలు వస్తుంది కదా?"

"డీజిల్ మీద నడుస్తది మేడం. కరెంటు మీద గూడ నడుస్తది." మల్లేశం చెప్పిందీ ముక్కల ఇంగ్లీషులోనే, ఆవిడతో మా మాటలన్నీ ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

"మరి కిరోసిన్?"

"కిరోసిన్ వద్దు మేడం, ఇంజన్ ఖరాబైతది."

"రోజుకి ఎంత పడుతుంది?"

"ఎనిమిది క్వింటాళ్ళ కొబ్బరి."

ఆవిడ ఆగింది. "కొబ్బరా?"

నేను లేచి నిలబడ్డాను. "కొబ్బరా! అది నాది!"

గేటు దగ్గరనుంచి యాదయ్య గొంతు వినిపించింది. "అరె మల్లేశం, ఎవల్ది మంచినూనె, ఎవల్ది గాసునూనె అని అడిగినవా?"

ఇక్కడ వంటనూనె మంచినూనె, కిరసనాయిలు గాసునూనె. మల్లేశం ఆ రెండు మాటలూ పక్కనపెట్టి, ఇంగ్లీషులో 'ఆయిల్' అనుకోవడంతో వచ్చింది తంటా అంతా. ఫోను తీసి చూపించాడు. అందులో నేను 'ఏ ఆయిల్ అక్క', ఆవిడ 'ఏ ఆయిల్ అక్క టూ'. ఆంధ్రాకి ఒక ఏ, ఆఫ్రికాకి ఒక ఏ. పొద్దున్నే ముందొచ్చిన ఆవిడకి నా యంత్రం చూపించి, తర్వాత వచ్చిన నాకు ఆవిడ కర్మాగారం చూపించాడు.

"మాఫ్ జేయుండ్రి అక్కా. పరేషాన్ల ఉన్న."

ఆవిడ నడుం పట్టుకుని నవ్వింది. "ఆహ్-ఆహ్! మూడున్నర లక్షలకి రిఫైనరీ! మా ఊరికి ఫోను చేసి చెప్పేద్దామనుకున్నాను కూడా."

హబ్సిగూడ: ముగ్గురు చెప్పే మూడు మాటలు

ఇద్దరం హబ్సిగూడలోనే దిగాం. నేను అమ్మాయిల హాస్టల్లో రోజువారీ మంచం తీసుకున్నాను, నాలుగొందల యాభై అంటే నాలుగొందలు. పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లల మధ్య నేనొక్కదాన్నే ఏ పరీక్షా లేనిదాన్ని. ఆవిడ పక్క వీధిలో, ఇక్కడ చదువుకుంటున్న వాళ్ళ దేశం పిల్లల ఇంట్లో ఉంది. సాయంత్రం ఇరానీ చాయ్ దగ్గర కలిశాం. చాయ్ ఇరవై. తగ్గించమని అడిగాను. కొట్టువాడు కప్పు తగ్గించాడు.

ఆవిడ పేరు ఎబియేరె. పశ్చిమ ఆఫ్రికాలో, సముద్రంలో నది కలిసేచోట, మడ అడవుల మధ్య ఊరు. దేశం పేరు రాయొద్దంది. రాస్తే వాళ్ళ ఊరికి డీజిలు తెచ్చి అమ్మే పెద్దమనిషికి తెలిసిపోతుందట. ఆయన తెలుగు చదవగలడా అని అడిగితే, "డబ్బుకి అన్ని భాషలూ వచ్చు చెల్లీ" అంది.

సంచీలోంచి పొట్లం తీసి "గారి తిను" అంది. నాకు గారెలు కళ్ళముందు కనిపించాయి. తీరా చూస్తే కర్రపెండలం తురిమి వేయించిన రవ్వ. నీళ్ళూ పంచదారా కలిపి తింటారు. పుల్లగా బావుంది. మా వైపు పేరు చివర 'గారి' చేరిస్తే మర్యాద అని చెప్పాను. "మా వైపు కడుపులో చేరిస్తే మర్యాద" అంది.

ఆ తర్వాత అసలు కథ చెప్పింది. వాళ్ళ ఊరి కిందే ముడి చమురు ఉంది. గొట్టాల్లో ఓడలకెక్కి వెళ్ళిపోతుంది. వెళ్ళిన చమురు డీజిలై, కిరోసినై, మళ్ళీ ఓడెక్కి వస్తుంది, మూడింతల ధరతో. మధ్యలో అది చూసొచ్చిన దేశాలు వాళ్ళెవరూ చూడలేదు. చేపలు కాల్చి అమ్మే ఆడవాళ్ళంతా ఒక సంఘం పెట్టుకుని, చిన్న రిఫైనరీ ఒకటి పెట్టుకుంటామని అనుమతి తెచ్చుకున్నారు. ఇక కట్టేదెవరన్న దగ్గర ఊరు మూడు ముక్కలయింది.

"మా ఊరి రాజుగారేమో విదేశీ కంపెనీకే ఇవ్వండి, కట్టి తాళంచెవి చేతిలో పెడతారంటాడు. సర్కారు ఆఫీసరేమో ఆగండి, ప్రభుత్వమే కడుతుందంటాడు. మా అమ్మ కూడా ఆ మాట విని ఆగింది, పోయింది. మా కుర్రాళ్ళేమో కట్టేదేముంది, మేం ఎప్పుడో కట్టాం అంటారు. దొంగచమురు డ్రమ్ముల్లో పోసి అడవిలో కాస్తారు చెల్లీ. నేనూ రెండేళ్ళు కాచాను." చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి నుంచి భుజం దాకా చర్మం ముడతలు పడి మెరుస్తోంది. "నాది చెయ్యితో పోయింది. మా అక్క కొడుకు మొత్తం పోయాడు."

నేను చాయ్ పక్కన పెట్టాను.

"సంఘం నన్ను పంపింది. శుక్రవారం సంతరోజు అందరూ ఫోను దగ్గర కూర్చుంటారు. ఆ రోజు నేను చెప్పిన దానికి చేతులెత్తుతారు. రాజుగారూ వస్తాడు. నేను చెప్పేది తేలిపోయిందంటే విదేశీ కంపెనీకి వెళ్ళిపోతుంది, మేం మళ్ళీ కొనుక్కునేవాళ్ళమే."

మా కోనసీమ గుర్తొచ్చింది. మా కొబ్బరితోటల కింద కూడా గ్యాసుంది. గొట్టాలు మా గట్ల పక్కనుంచే వెళ్తాయి. మా ఇంటికి మాత్రం సిలిండరు ఎక్కడి నుంచో లారీలో వచ్చి, గుమ్మంలో మోసినందుకు ఇంకో ముప్ఫై అడుగుతుంది. చెప్తే ఎబియేరె నా భుజం మీద చరిచింది. "అయితే నువ్వు మా ఊరిదానివే!"

"రేపు నా తరఫున నువ్వు మాట్లాడు. అతని భాష నీకొచ్చు, కొనే విద్యా నీకొచ్చు" అంది.

ఆవిడ చెప్పినదంతా విన్నాను. అయితే నా చెవుల తయారీయే అంత. కట్టేదెవరు, ఆగేదెవరు, కాలిందెవరు, అన్నీ వినిపించాయి. ఎక్కింది మాత్రం "ధర తగ్గించు" అన్న ఒక్కటే. అది ఆవిడ అననేలేదు.

మళ్ళీ నాచారం: నా ఘనకార్యం

రెండోరోజు, గురువారం, ఎబియేరె యాదయ్యతో చాయ్‌కి వెళ్ళింది. ఆవిడ ఆయన్ని గౌరవంగా "పాపా" అంటుంది, వాళ్ళ భాషలో నాన్న అని. "డెబ్బై ఏండ్లకు నన్ను పాపను జేసింది" అని ఆయన మురిసిపోయాడు.

నేనూ మల్లేశమూ బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. కొటేషను మూడు పేజీలు. నేను మొదట నిట్టూర్చాను. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకున్నాను. తర్వాత కోయంబత్తూరు పేరెత్తాను. మల్లేశం ఏడు లక్షలు దిగాడు, అక్కడ పాతుకుపోయాడు.

"స్టీలు రేటు నా చేతుల లేదక్కా. ఇగ తగ్గదు."

ధర తగ్గకపోతే సరుకు తగ్గించాలి, అది మా నాన్న సూత్రం. వేలు పెట్టి కిందకి దిగాను. చివరి పేజీలో పద్నాలుగు, పదిహేను, పదహారు నంబర్లు. పనివాళ్ళ డ్రాయింగులు అప్పగించుట. కొనుగోలుదారు తరఫు నలుగురికి మూడు నెలలు ఇక్కడే పని నేర్పుట. రెండో గోపురానికి రేకులు కోసి పంపితే, వారు వారి ఊళ్ళోనే కట్టుకొనుట. గోపురమంటే చమురు కాచి డీజిలూ కిరోసినూ విడదీసే పొడుగాటి ఉక్కు గొట్టం.

"ఇవేంటండి?"

"మేడం మెయిల్ల అడిగింది. మాకు గూడ పరేషానే. మూడు నెలలు నలుగురిని సూడాలె, పని ఆగుతది."

"చీర కొంటే ఫాల్ వేసిస్తామన్నట్టుంది. ఫాల్ మేం వేసుకుంటాం. ఇవి కొట్టెయ్యండి. రెండో గోపురం కూడా మీరే కట్టి పంపండి."

మల్లేశం మొహం వెలిగిపోయింది. అమ్మేవాడి మొహం అంతలా వెలిగితే నాకు అనుమానం రావాలి. రాలేదు. రెండు కోట్ల ముప్ఫైకి తెగింది. నలభై లక్షలు! మా వంశంలో ఎవరూ తగ్గించని మొత్తం. మా నాన్న ఫొటోకి ఆ రోజు దండ మార్చాలనిపించింది.

మధ్యాహ్నం మల్లేశం ఇంటినుంచి డబ్బా వచ్చింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన ఎండుచేపలు. మా వైపు పులుసంటే పొయ్యిమీద మరగాలి. వీళ్ళు చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ పిసికి పచ్చిగానే తాగేస్తారు. ఎబియేరె ఎండుచేప వాసన చూసి కళ్ళు మూసుకుంది. "ఇల్లు" అంది.

"ధర బాగా తగ్గించాను" అని చెవిలో చెప్పాను. ఎంతో, ఎలాగో చెప్పలేదు. శుక్రవారం ఫోనుకి ముందు చెప్పి ఆశ్చర్యపరుద్దామని.

నారపల్లి: ఉచిత వాహనంలో

మల్లేశం చేసిన పెద్ద సామాను నాచారంలో పట్టదు. నారపల్లిలో అద్దె జాగాలో ఉంచుతాడు. శుక్రవారం పొద్దున్న అక్కడ ఒక గోపురానికి నీళ్ళ పరీక్ష ఉంది, చూద్దాం రమ్మన్నాడు. ఆటో ఆరొందలు అడిగాడు. నాకు ఉప్పల్ గుర్తొచ్చి బేరమాడడానికి ధైర్యం చాల్లేదు. ఈలోగా రోడ్డు పక్కన ఒక కుర్రాడు గొడుగు కింద 'ఉచిత సైట్ విజిట్' అన్న కాగితాలు పంచుతున్నాడు. నారపల్లిలోనే వెంచరు. ఎబియేరెని చూపించి, "విదేశాల నుంచి వచ్చారు, స్థలాలు చూడాలి" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయిదు నిమిషాల్లో ఏసీ కారు, నీళ్ళసీసాలు, ముగ్గురికీ చల్లటి తువ్వాళ్ళు. మూడోది యాదయ్యది.

"ఎన్నెకరాలు సూస్తరు మేడం?" అడిగాడు కారులో కుర్రాడు.

"వంద పీపాలు పట్టేంత" అంది ఎబియేరె.

వరంగల్ రోడ్డు మీద చేలన్నీ రాళ్ళు పాతిన గళ్ళు. మధ్య మధ్య ఒక కమాను, కమాను వెనక ఖాళీ. గజం ఎంతో విని, కొనే ఉద్దేశం లేకపోయినా రెండు వేలు తగ్గించి, బిర్యానీ పొట్లాలు పుచ్చుకుని, పక్క జాగాలోకి నడిచాం. యాదయ్య తన పొట్లం విప్పుతూ అన్నాడు, "మా చేను పోయిననాడు చాయ్ గూడ పొయ్యలే."

మల్లేశం జాగాలో ఉక్కు గోపురం పడుకోబెట్టి ఉంది. వేరే ఎవరిదో. నిండా నీళ్ళు పోసి, పంపుతో ఒత్తిడి ఎక్కించి, ఎక్కడన్నా చెమ్మ వస్తుందేమోనని ఒక్కో అతుకూ తడిమి చూస్తున్నాడు. రాలేదు. ఎబియేరె చెవి ఆనించి వింది.

"ముడి చమురు పోస్తే ఎలా ఉంటుంది?" అడిగింది.

మల్లేశం మెడ గోక్కున్నాడు. "నిజం జెప్తున్న మేడం. పదేండ్ల సంది గివే కడుతున్నగని, క్రూడ్ అనేది నేను కండ్లతోని సూడలే. నల్లగ ఉంటదంటరు."

ఆవిడ నవ్వి, నవ్వి, గోపురానికి ఆనుకుంది. "మాది నల్లగా ఉండదు. తేనెరంగు. వానాకాలం తెల్లారుజామున గడ్డకడుతుంది, చెంచా నిలబడుతుంది. మీ డ్రాయింగులో గొట్టాలన్నీ బయటే ఉన్నాయి. మొదటి వానకే మూసుకుపోతాయి."

"గడ్డ కడతదా?" మల్లేశం నా వైపు తిరిగాడు. "కొబ్బరినూనె లెక్క!"

మా ఊళ్ళో కొబ్బరినూనె గడ్డకట్టడం పెద్ద చోద్యం కాదు, జనవరిలో సీసా ఎండలో పెడతాం. నా యంత్రానికి అందుకే గొట్టం చుట్టూ ఇంకో గొట్టం తొడిగి, మధ్యలో వేడినీళ్ళు తిప్పుతున్నాడట. దాన్ని వాళ్ళు జాకెట్ అంటారు. "గదే దీనిగ్గూడ తొడగాలె" అని నేలమీద సుద్దతో గీశాడు. ఎబియేరె పక్కన గొంతుకూర్చుని, డ్రమ్ములో కాచినప్పుడు ముందు ఏ వాసన, తర్వాత ఏ వాసన, కిరోసిన్ అయిపోయి డీజిలు మొదలయ్యేటప్పుడు మంట రంగు ఎలా మారుతుందో చెప్పుకొచ్చింది. మల్లేశం బడిపిల్లాడిలా విన్నాడు.

లేచేటప్పుడు ఆవిడ అడిగింది. "మా నలుగురూ ఎప్పుడు రావాలి?"

"ఏ నలుగురు మేడం? గవి కొట్టేసినం గదా. అక్కనే కొట్టేపిచ్చింది."

ఎబియేరె నా వైపు తిరిగింది. నేను చాలామంది కోపాలు చూశాను, కొట్టు మీద కూర్చుంటే రోజుకి నాలుగు. ఇది కోపం కాదు. సంతలో పిల్ల తప్పిపోయిన తల్లి మొహం అది.

"నలభై లక్షలు తగ్గాయి" అన్నాను.

"చెల్లీ, నేను కొనడానికొచ్చింది ఆ మూడే. ఇనుము మా దేశంలోనూ అమ్ముతారు. తాళం వేసిన డబ్బా తీసుకెళ్తే రాజుగారు చెప్పినదానికీ నేను చెప్పేదానికీ తేడా ఏముంది? ఒక నట్టు ఊడితే మళ్ళీ ఓడ కోసం చూడాలి. మా ప్రాంతంలో అలాంటిది ఒకటుంది. ఎవరో కట్టి ఇచ్చివెళ్ళారు. ఇప్పుడు దాంట్లో మేకలు నిద్రపోతాయి."

యాదయ్య బిర్యానీ చెయ్యి నీళ్ళసీసాతో కడుక్కున్నాడు. "కట్టుడు రానోనికి గేటే దొరుకుతది బిడ్డా. ముప్ఫై ఏండ్లు నేను తీసిన గదా."

నాచారం, మూడోసారి: పైకి బేరం

తిరిగి వస్తూ కారులో లెక్కపెట్టుకున్నాను. సంతలో ఆడవాళ్ళు ఫోను దగ్గర కూర్చునేది మన మధ్యాహ్నం మూడున్నరకి. మాకున్నది గంటన్నర. కిందకి బేరం నాకు వెన్నతో పెట్టిన విద్య. పైకి బేరం ఎప్పుడూ చెయ్యలేదు. షెడ్డులో అడుగుపెట్టగానే, కొట్టేసిన మూడు నంబర్లూ మళ్ళీ రాయమన్నాను.

మల్లేశం ఒప్పుకోలేదు. "అక్కా, మీరే కొట్టేపిచ్చిన్రు. మల్ల మీరే పెట్టమంటున్రు. నిజం జెప్పాల్నంటే, నేను నేర్పిస్తే గాళ్ళు రెండోది నా కాడ కొంటరా? నా పొట్ట నేనే కొట్టుకుంటనా?"

ఇది న్యాయమైన భయమే. మా నాన్న కూడా ఏ కొట్లో కొంటాడో పక్క కొట్టువాడికి చెప్పేవాడు కాదు.

యాదయ్య గేటు దగ్గరనుంచే అన్నాడు. "ఓ మల్లేశం, నీకు పని నేర్పినాయన దివాలా తీసిండా?"

"ఆయన మంచోడు మామా. అది వేరే ముచ్చట."

"ఎందుకు వేరే?"

నాకు అక్కడ సందు దొరికింది. "మల్లేశం గారూ, పదేళ్ళ బట్టి చమురు చూడకుండా చమురు గోపురాలు కడుతున్నారు. ఇవాళ పొద్దున్న ఆవిడ నేల మీద కూర్చుని చెప్పింది చూశారే, అది చెప్పే మనిషిని జీతమిచ్చి పెట్టుకోవాలంటే మీకెంతవుతుంది? మీరు వాళ్ళకి ఇనుము నేర్పండి. వాళ్ళు మీకు చమురు నేర్పుతారు. చమురు తెలిసినవాడని పేరొస్తే, ఆ మడ అడవుల్లో ఎన్ని ఊళ్ళున్నాయో అడగండి."

"ముప్ఫై ఆరు" అంది ఎబియేరె వెంటనే. "నేర్చుకున్నవాళ్ళు పక్క ఊళ్ళకి కడతారు. పంపులూ మీటర్లూ మీ దగ్గరే కొంటారు. నేర్చుకోనివాళ్ళు ఒక్కసారే కొని జీవితాంతం తిడతారు. మీరు ఏ పార్టీని ఎంచుకుంటారు?"

మల్లేశం నుదుటి మీది కళ్ళద్దాలు దించి పెట్టుకున్నాడు, మళ్ళీ ఎత్తాడు. "సరే. మూడూ పెడ్త. రేటు మాత్రం మొదలు జెప్పిందే. రెండు డెబ్బై."

"జాకెట్ ఉచితం" అన్నాను.

"చీరకు జాకెట్ ఎవ్వలు ఉట్టిగ ఇయ్యరు అక్కా."

"మా మేనమామ ఇచ్చేవాడు."

అబద్ధం. మా మేనమామ సంచీ కూడా ఇచ్చేవాడు కాదు. అయినా ఒప్పుకున్నాడు. నేను పూటంతా కష్టపడి తగ్గించినదంతా గంటలో ఎక్కించి, ఎప్పుడూ లేనంత బరువు దిగినట్టు కూర్చున్నాను. ఆ ఊపులో నా కొబ్బరి యంత్రానికి బేరమాడడమే మర్చిపోయాను. మూడున్నర లక్షలన్నాడు, మూడున్నర లక్షలూ ఇచ్చాను. ఇంట్లో మూడు పది అని చెప్పాను. ఇది చదివినవాళ్ళు మా ఆయనతో అనకండి.

మూడున్నరకి ఫోను మోగింది. స్పీకరు పెట్టగానే షెడ్డులోకి సంత మొత్తం వచ్చిపడింది. అరుపులు, కోళ్ళు, ఎవరో ఎవరినో తిట్టడం. ఎబియేరె వాళ్ళ భాషలో మాట్లాడుతుంటే మాకు అర్థమైంది 'మల్లేశం', 'నాచారం' మాత్రమే. ఒక మగగొంతు గంభీరంగా ఏదో అడిగింది, రాజుగారట. ఎబియేరె మధ్యమధ్య మాకు చెప్తోంది. "కట్టేదెవరని అడుగుతున్నాడు. మనమే అన్నాను. నవ్వుతున్నాడు." తర్వాత ఒక్కసారిగా ఆడగొంతులు లేచాయి. "చేతులెత్తారు. లెక్కపెడుతున్నారు. ఆగు, ఆగు... ఎక్కువమంది మన వైపే!"

యాదయ్య కుర్చీలోంచి లేచి లోపలికొచ్చాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు గొడవ, ఆ నలుగురూ ఎవరన్నది. పావుగంట తిట్టుకున్నారు. మల్లేశం షెడ్డు రేకు మీద సుద్దతో పేర్లు తెలుగులో రాసుకున్నాడు. పడవలు అతికే టోన్యే. అతని చెల్లెలు. డ్రమ్ముల్లో చమురు కాచే ఒకతను, ఇక కాయనని అందరి ముందూ ఒట్టేసి. నాలుగో పేరు చెప్పగానే ఎబియేరె అరిచింది. అటునుంచి కూడా అరిచారు. చివరికి ఫోను బల్ల మీద పెట్టి కూలబడింది.

"ఏమన్నారు?" అడిగాను.

"నాలుగో మనిషిని నేనేనట. ఎలాగూ అక్కడే ఉన్నావు కదా, ఇంకో టికెట్టు దండగ ఎందుకు అన్నారు. నా చేపల పొయ్యి వాళ్ళే చూసుకుంటారట."

మల్లేశం కాసేపు ఆవిడ వైపు చూశాడు. కొనేవాళ్ళ వైపు చూసే చూపు మెల్లగా మారింది. ఆయన గొంతులోంచి 'మేడం' అన్న మాట అక్కడే రాలిపోయింది.

"సరే ఎబక్కా. సోమారం తొమ్మిదింటికి రావాలె. గీ గౌను గాదు, ప్యాంటు, బూట్లు. మొదటి నెల ఊడ్సుడే. ఏ ముక్క యాడ పడుతదో తెల్వకుంట వెల్డింగు రాడ్ పట్టనియ్య."

"రెండు కోట్ల డెబ్భై లక్షలిచ్చి నెల రోజులు ఊడవాలా?" ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది.

"నేను ఏడాది ఊడ్సిన."

నాకు నోరు ఆగలేదు. "పదిహేను రోజులు చెయ్యండి మల్లేశం గారూ, పెద్దావిడ..."

"చెల్లీ!" ఎబియేరె వేలు చూపించింది. "నువ్వు నోరు ముయ్యి. ఇందులో ఒక్క రోజు తగ్గించావంటే నిన్ను ఆ గోపురంలో నీళ్ళతో పాటు పోస్తాను."

బస్సు టైమైందని సంచీ సర్దుకున్నాను. మళ్ళీ చూసేసరికి ఆవిడ సోమవారం దాకా ఆగలేదు. తలగుడ్డ బిగించి, మూలనున్న చీపురు తీసుకుని మొదలుపెట్టేసింది. ఊడ్చిన ప్రతి ఇనప ముక్కనీ వంగి చేతిలోకి తీసుకుని, ఇది దేన్లోంచి రాలింది అని అడుగుతోంది. మల్లేశం పని ఆపి, ఒక్కోదానికీ జవాబు చెప్తున్నాడు.